లాభం, కొయర్, గుర్బన్

మొన్న హైదరాబాదులో నిమ్మకాయలు కొంటుంటే, బండి ఆమె ఒక్కొక్కటే నా సంచీలో వేస్తూ "లాభం" అని మొదలుపెట్టింది. ఆమె రెండు అనేలోపే నా నోరు "కొయర్" అనేసింది. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఏమన్నరమ్మా?" అంది. ఏమీ లేదన్నాను. ఏం చెప్పను? అది వందల ఏళ్ల కిందట మంగోలు దేశంలో గుర్రాల మీద తిరిగేవాళ్లు రెండుకు వాడిన మాట అనీ, నాకు దాన్ని నేర్పింది ఆర్మూరు పసుపు మార్కెట్లో కాంటా పట్టే ఒక ముసలాయన అనీ చెబితే, ఆమె నిమ్మకాయలు వెనక్కి తీసుకుని ఉండేది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఆయన్ను కాకా అనేదాన్ని. ఎనభైల్లో ఆర్మూరు ఆడపిల్లల హైస్కూలుకు ఇంగ్లీషు టీచరుగా వెళ్లి, ఆయన ఇంటి పక్క వాటాలో దిగాను. ఇద్దరికీ మధ్య ఒకే గోడ. అటువైపు ఆయన దగ్గితే ఇటువైపు నా చాయ్ గ్లాసు కదిలేది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎమ్మే చదివానన్న పొగరు, ముక్కు మీద కోపం, రెండూ దండిగా ఉండేవి.

కాకా సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ముప్పై ఏళ్లు పసుపు దుమ్ములో నిలబడ్డ మనిషి కాబట్టి కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు, గోళ్లు, అన్నీ పసుపే. ఆదివారం ఆయన తలంటుకుంటే మోరీలో నీళ్లు పెళ్లింటి మోరీలా పారేవి. చేతికి ఏది దొరికినా అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి బరువు చెప్పడం ఆయన అలవాటు. ఎవరింట్లో పురుడైనా వెళ్లి బిడ్డను ఎత్తుకుని, "మూడు కిలోల మీద యాభై గ్రాములు. వెండి మొలతాడు తీసెయ్యుండ్రి, మూడే" అనేవాడు. ఒకసారి నేను దిద్దుతున్న పరీక్ష పేపర్ల కట్ట ఎత్తి చూశాడు.

"ఆరు కిలోలున్నయి టీచరమ్మా. ఇందుల చదువెంత?"

"తరుగు తీసేస్తే పావుకిలో, కాకా" అన్నాను.

ఆయన నవ్వలేదు. తూకం మాటల్లో ఆయన నవ్వడు. కాంటా ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. అటు రైతూ, ఇటు సేటూ ఆయన్ను సమానంగా తిట్టేవారు. ఇద్దరూ తిట్టే మనిషి కనుకే ఇద్దరికీ నమ్మకం.

ఆ మనిషికి మంగోలు భాష ఎలా పట్టుకుందంటే, అదీ తూకం వల్లే.

ఒక ఎండాకాలం బస్టాండు పక్కన పుస్తకాల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. ఒక మూల కుప్ప పోసి, ఏది తీసుకున్నా ఒకటే ధర అని రాసి పెట్టారు. ధర ఒకటే అయినప్పుడు కాంటా పట్టేవాడు ఏం చేస్తాడు? కాకా పొద్దంతా అక్కడే కూర్చుని కుప్పలో పుస్తకాలన్నీ ఒక్కొక్కటే అరచేతిలో ఆడించి, అన్నిట్లోకీ బరువైనదాన్ని కొనుక్కుని ఇంటికొచ్చాడు. అట్ట మీద గుర్రాల బొమ్మ ఉంది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివినవాడు, ఇంగ్లీషులో అక్షరాలు మాత్రమే తెలుసు. మొగలాయి పాదుషాల కథ అనుకున్నాడట.

"జర ఇది ఎవలి కథనో చెప్పు బిడ్డా" అని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నిజంగానే బరువుగా ఉంది.

తెరిచి చూస్తే మంగోలు భాషల చరిత్ర. పాత రాతల్లో మాట ఎలా ఉండేది, ఏ అక్షరం ఎప్పుడు అరిగింది, ఏ మాట ఏ దేశానికి పోయింది. పేజీ పేజీకీ పట్టికలే.

"ఇందులో పాదుషా లేడు, కథా లేదు కాకా. ఉత్త మాటలే. వాపస్ ఇచ్చేసి రా" అన్నాను.

"తూకమేసి తెచ్చిన మాల్ వాపస్ ఇయ్యద్దు" అన్నాడు. "మాటలే కదా. నువ్వు సదువు, నేను ఇంట."

అలా నా ఆదివారాలు మట్టిగొట్టుకుపోయాయి. వారానికి ఒక్క సెలవు దొరికే మనిషిని, అరుగు మీద కూర్చుని మంగోలు పట్టికలు చదవాల్సి వచ్చేది. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్తే, ఆయన ఉర్దూ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆయన భార్యను నేను చిన్నమ్మా అనేదాన్ని. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఎదురుగా కూర్చునేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. ఆమె పద్దెనిమిదో పంతొమ్మిదో లెక్కలో ఉండగా ఈయన ఏడు, ఎనిమిదికి మంగోలు మాటలు "దొలొగన్! నైమన్!" అని గట్టిగా వల్లించేవాడు. ఆమె లెక్క తప్పేది.

"నీ మంగోలోళ్ల నోట్ల మన్ను వడ! మళ్ల మొదటికొచ్చింది" అని కట్ట విప్పేది. "అందరి మొగండ్లు కల్లు తాగుతరు. నా మొగడు గిది తాగుతున్నడు. కల్లయితె పొద్దుగాల వరకన్న దిగుతది."

మూడు నాలుగు నెలలకు ఇతర భాషలకు వలసపోయిన మాటల పట్టిక వచ్చింది. అందులో నొకోర్ అనే మాట ఉంది. పక్కన గుర్రం తోలే జతగాడు, స్నేహితుడు అని అర్థం. అది పారసీకంలోకి పోయి, అక్కణ్నుంచి ఉర్దూలోకి వచ్చి, మన నౌకరు అయిందని రాసి ఉంది. కాకా పెన్సిలు కింద పెట్టేశాడు.

"అంటే, ఆడ దోస్తు, నడుసుకుంట నడుసుకుంట ఈడికొచ్చేసరికి నౌకరయిండా?"

"అంత దూరం నడిస్తే ఎవరైనా అవుతారు కాకా."

మర్నాడు మార్కెట్ సెక్రటరీ గదిలోంచి "ఎక్కడ పోయిన్రు ఈ నౌకర్లంత?" అని కేకేస్తే, కాకా లోపలికి వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చున్నాడట. "దోస్తులని పిలిచిన్రు, వచ్చిన సార్" అన్నాడట. సెక్రటరీ ఏం చెయ్యాలో తోచక చాయ్ తెప్పించాడు. అప్పటినుంచీ సెక్రటరీ ఎవర్నైనా పేరు పెట్టే పిలిచేవాడని మార్కెట్ యార్డులో చెప్పుకునేవారు.

ఊళ్లో జనానికి ఇది మంచి కాలక్షేపమైంది. హోటలాయన ఇడ్లీ మంగోలు మాటేనా అని అడిగేవాడు. క్షవరం చేసే అతను కత్తెర పట్టుకుని, "ఇదన్న మనదేనా, అదీ వాళ్లదేనా?" అనేవాడు. వాళ్లు ఎగతాళికి అడిగినా, కాకా మాత్రం నోటుబుక్కు తీసి వెతికి, నిదానంగా జవాబు చెప్పేవాడు. బహద్దూర్ వాళ్లదే. దారోగా వాళ్లదే. ఇడ్లీ కాదు. పసుపు కాదు, వాళ్లు పసుపు రంగును షిర అంటారు, మనకూ దానికీ పొత్తు లేదు. "జర వాళ్లదే అను కాకా, మన ఊరికి ఇజ్జత్ గద" అని ఎవరో బతిమాలితే కోప్పడ్డాడు. "లేని తూకం నేను చెప్ప" అన్నాడు. మార్కెట్లో మనం మాల్ అనే మాట మాత్రం ఎదురు నడిచి, అరబ్బుల దగ్గర బయల్దేరి మంగోలు దేశం దాకా పోయి పశువుల మందగా మారిందని తెలిసిన రోజున, ఆయన తృప్తి చూడాలి. ఇచ్చిందీ ఉంది, పుచ్చుకున్నదీ ఉంది, ముల్లు మధ్యలో నిలబడింది.

ఇక ఆ లెక్క సంగతి. యార్డులో బస్తా తూగగానే ఎన్నోదో గట్టిగా అరవాలి. మొదటి బస్తాకు ఒకటి అనరు, లాభం అంటారు. ధాన్యం కొలిచినా, పూలు మూరేసినా మనవాళ్లకు మొదటిది లాభమే. ఏడు అనడానికి కూడా కొందరు జంకి ఆరున్నొక్కటి అంటారు, ఏడుపు తగులుతుందని. కాకా మెల్లగా యార్డులో మంగోలు లెక్క మొదలుపెట్టాడు. హమాలీలకు సరదా పుట్టింది. పైగా వాళ్ల ఏడు, ఆ దొలొగన్‌లో ఏడుపేమీ లేదు. వారం తిరక్కుండా సంచి భుజానికెత్తుకున్న ప్రతివాడూ "గుర్బన్, దొర్బెన్, తబున్" అంటూ నడవసాగాడు.

అంతా బాగానే ఉంది, ఒకటి దగ్గర గొడవొచ్చింది. మంగోలులో ఒకటి నిగెన్. కాకా మొదటి బస్తాకు "నిగెన్" అని అరవగానే, మాక్లూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన రెండు చేతులతో తన బస్తాను కౌగిలించుకున్నాడు.

"దించు. లాభం అనకుంటె నా బస్తా దించు."

"అది గూడ ఒకటే పటేలా. వాళ్ల భాషల."

"వాళ్ల పసుపుకు వాళ్ల భాష. తొమ్మిది నెలలు పండించిన. లాభం అంటవా, మళ్ల బండెక్కియ్యాల్నా?"

వెనక బండ్లు ఆగిపోయాయి. సేట్లు బయటికొచ్చారు. నలుగురూ ఆ రైతు పక్షమే. కాకా ఓడిపోయి "లాభం" అని అరిచాడు. ఆనాటినుంచీ ఆర్మూరు యార్డులో లెక్క ఇలా స్థిరపడిపోయింది: లాభం, కొయర్, గుర్బన్, దొర్బెన్, తబున్, జిర్గుగన్, దొలొగన్, నైమన్, యిసున్, అర్బన్. కాకాకు మాత్రం అది గుచ్చుకుంటూనే ఉండేది. "ఒక మాట కల్తీ అయింది బిడ్డా" అనేవాడు.

ఆయనకు అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటుంది. ఆ భాషను ఆయన ఒక్కసారి కూడా వినలేదు. పుస్తకం చివర ఇప్పటి మాటలున్న పట్టికలు రష్యా అక్షరాల్లో ఉన్నాయి, అవి నాకూ రావు. కాబట్టి మేం నేర్చుకున్నదంతా పాత రాతల్లో మాటే. అదీ నా ఇంగ్లీషు నోట్లోంచి, ఆయన ఉర్దూ రాతలోంచి, నిజామాబాదు నాలుక మీదికి వచ్చిన మాట. తూకపు రాయిలాగే మాట కూడా వాడగా వాడగా అరుగుతుందని ఆయనే నాకు చెప్పేవాడు. మరి మన దగ్గరున్నది సరైన రాయేనా అని ఎవర్ని అడగాలి?

"ఇన్నేండ్లు నేర్చిన" అన్నాడు ఒకరోజు. "గా దేశపోడు ఒక్కడు, ఒక్కడంటె ఒక్కడు, నా మాట ఇని సమజ్ అయిందంటె చాలు బిడ్డా. లేకుంటె ఉత్తగ మొత్తుకున్నట్టే గద."

ఆ మాట విన్నాక నాకు ఆదివారాల మీద కోపం పోయింది. ఆయన కోసం నాకూ భయం పుట్టింది.

ఒక చలికాలం స్వెటర్లు అమ్మేవాళ్లు వచ్చి రోడ్డు పక్కన తాళ్లకు స్వెటర్లు వేలాడదీశారు. హమాలీలు పరుగెత్తుకొచ్చి, "కాకా, నీ మంగోలోళ్లు దిగిన్రు!" అన్నారు. ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్లి, అక్కడ కూర్చున్న ఒక పెద్దామె ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "మల్ సురుగ్ తర్గున్ ఊ?" అన్నాడు. మీ పశువుల మంద బాగా బలిసిందా అని అర్థం. పుస్తకం ప్రకారం అక్కడ కుశలం అడిగే పద్ధతి అదే. మనిషి కనిపిస్తే బరువు గురించి అడిగే భాష అని ఆయనకు ఆ వాక్యమంటే ప్రాణం.

ఆ పెద్దామె ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎక్స్‌ట్రా లార్జ్ పడుతుంది, భయ్యా" అని హిందీలో చెప్పి, ఎర్ర స్వెటరు తీసి ఆయన ఛాతీకి ఆనించింది. వాళ్లు టిబెట్ వాళ్లు. ఆమె తప్పేమీ లేదు, ఆయన తప్పూ లేదు, తప్పంతా హమాలీలది. సిగ్గు కొద్దీ ఆ స్వెటరు కొనుక్కుని ఇంటికొచ్చాడు. రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. చిన్నమ్మ కూడా ఏమీ అనలేదు. అది మరీ బాధగా ఉండేది.

తొంభైల్లో, ఒక పసుపు సీజనులో, సెక్రటరీ నాకు కబురు పెట్టాడు. కొన్ని నెలలుగా హైదరాబాదులో ట్రైనింగులో ఉన్న వేరే వేరే దేశాల వ్యవసాయ ఆఫీసర్లు పోచంపాడ్ డ్యాము చూడ్డానికి వస్తున్నారట, దారిలో యార్డు చూస్తారట, నేనొచ్చి ఇంగ్లీషులో చెప్పాలట. కబురుతో పంపిన కాగితంలో పేర్ల పక్కన దేశాలున్నాయి. ఒక దేశం దగ్గర నా వేలు ఆగిపోయింది.

కాకాకు చెప్పగానే ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు గడ్డం గీయించుకుని, ఎర్ర స్వెటరు తొడుక్కుని వచ్చాడు. హోలీ ముందరి ఎండ. యార్డు రేకుల కింద మనుషులు ఉడికిపోతున్నారు.

"ఇదేంది కాకా?"

"వాళ్లది చలి దేశం. మర్యాద చెయ్యద్దా?"

మంగోలు దేశం నుంచి వచ్చినతను పాతికేళ్ల కుర్రాడు. అందరికంటే వెనక, ఎవరితోనూ మాట్లాడకుండా నడుస్తున్నాడు. అతని ఇంగ్లీషు అంతంతే. మిగతావాళ్లు పసుపు కొమ్ములు విరిచి వాసన చూస్తూ ఫోటోలు దిగుతుంటే, అతను గోడ నీడన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నేను కాకాను మోచేత్తో పొడిచాను. కాకా నోరు తెరిచాడు, మూశాడు. చెమట కణతల మీంచి పసుపు రంగులో కారుతోంది.

"అడుగు కాకా."

"భయమైతుంది బిడ్డా. అతనికి సమజ్ కాకుంటె? ఇగ నాకేం మిగుల్తది?"

ఆఫీసర్లు బస్సు వైపు తిరిగారు. సెక్రటరీ చివరగా తూకం కూడా చూపించమన్నాడు. హమాలీలు బస్తా ఎత్తారు, ముల్లు ఊగి నిలబడింది, కాకా నోరు అలవాటు కొద్దీ దానంతట అదే తెరుచుకుంది.

"లాభం!"

రెండో బస్తా. "కొయర్!" మూడోది. "గుర్బన్!" హమాలీలందరూ అందుకున్నారు. "దొర్బెన్!"

గోడ దగ్గర కుర్రాడు తల ఎత్తాడు. తబున్ దగ్గరికి వచ్చేసరికి మా వైపు నడుస్తున్నాడు. జిర్గుగన్‌కు పరుగెడుతున్నాడు. దొలొగన్ దగ్గర కాంటా పక్కకొచ్చి నిలబడి, "దొలో!" అన్నాడు. "నైమ్! యొస్! అరవ్!" కాకా అన్నదానికి పక్కనే, అదే లెక్క, కాస్త అరిగిపోయి. పదో బస్తా అయ్యేసరికి కుర్రాడు రొప్పుతూ నవ్వుతున్నాడు.

నా వైపు తిరిగి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చెప్పాడు. ఇప్పుడు తమ దగ్గర ఎవరూ ఇలా అనరట. ఇది తమ పాత పుస్తకాల్లో రాత మాత్రమేనట. తాతకు ముత్తాత ఎవరో పసుపు బస్తాల మధ్య నిలబడి లెక్కపెడుతున్నట్టు ఉందట. అన్నీ తెలిశాయి కానీ ఆ మొదటి మాట తెలియలేదట. ఇంకా పాత మాట అయ్యుంటుంది, తమవాళ్లు మరిచిపోయి ఉంటారని జేబులోంచి చిన్న పుస్తకం తీసి లాభం అని రాసుకుంటున్నాడు.

నేను కాకాకు చెప్పాను. ఆయన కంగారుపడ్డాడు.

"వద్దని చెప్పు బిడ్డా! అది మాక్లూర్ పటేల్ది. వాళ్ల భాషల కలపద్దని చెప్పు."

నేను చెప్పాను. కుర్రాడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతో కాకా జంకు వదిలింది. రెండు చేతులూ కట్టుకుని, నిటారుగా నిలబడి, అడిగాడు.

"మల్ సురుగ్ తర్గున్ ఊ?"

కుర్రాడి నవ్వు ఆగిపోయింది. కాకా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టాడు. గబగబా, ఆపకుండా, తన భాషలో. ఇన్ని నెలలుగా ఎవరితోనూ మాట్లాడనిదంతా ఒక్కసారే చెప్పుకుంటున్నట్టున్నాడు. ఒకచోట చేత్తో ఏదో ఎత్తు చూపించాడు, గుర్రమో, చిన్నపిల్లో. ఒకచోట ఆగి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాకా ప్రతి మాటకూ తల ఊపాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు. మొహం తిప్పుకున్న చోట అతని భుజం తట్టాడు. బస్సు హారను మూడుసార్లు మోగింది. కుర్రాడు వంగి కాకా చేతిని తన నుదుటికి ఆనించుకుని వెళ్లిపోయాడు. హమాలీలు ఈలలు వేశారు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఏం చెప్పిండు కాకా?"

ఆయన స్వెటరు చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఒక్క ముక్క సమజ్ కాలె బిడ్డా."

నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. "మరి గంత సేపు తల ఊపినవు!"

"ఏం చెయ్యాలె? నా మాట అతనికి సమజైంది. నాకు సమజ్ కాలేదని అతనికి తెలిస్తె, ఆడికే ఆపేస్తడు గద. ఎన్ని దినాలాయెనో పాపం, ఇంటి మాట మాట్లాడి."

ఇంటి ముందు చిన్నమ్మ చాట పక్కన పెట్టేసి నిలబడి ఉంది. సంగతి ఆమెకు అప్పటికే చేరింది. మంగోలు పేరెత్తితే బీడీ ఆకుల కత్తెర విసిరే మనిషి, ఆ రోజు తలకు నూనె పెట్టుకుని, మంచి చీర కట్టుకుంది.

"గా పిల్లగాడు మస్తుసేపు మాట్లాడిండట గద. ఏమన్నడు?"

కాకా స్వెటరు విప్పి దండెం మీద వేశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. రైతు కోసం, సేటు కోసం, ఊరి ఇజ్జత్ కోసం కూడా ముల్లును వెంట్రుకవాసి జరపని మనిషి.

"పశువులు మంచిగున్నయట" అన్నాడు. "వాళ్లమ్మ మంచిగున్నదట. నిన్ను అడిగిండు."

"నన్నా?" చిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "నన్నెందుకు అడుగుతడు? నేనెవరో ఏమెర్క?"

"ఇంట్ల ఆమె మంచిగున్నదా అన్నడు."

ఆమె వంగి చాటలో ఆకులు సర్దింది. తర్వాత చాయ్ పెట్టడానికి లోపలికి పోబోయి, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మరి మంచిగున్నదని చెప్పినవా?"

"చెప్పిన" అన్నాడు కాకా.